బనావే మునిసిపాలిటీ: గోడ కూలితే ఖర్చు ఎవరిది?

ఫిలిప్పీన్స్ 20 పెసోల నోటు వెనకవైపు కనిపించే వరి మెట్లు బనావేవి. ఆ మడులున్న కుటుంబాల్లో చాలామందికి వాటి పంట కొన్ని నెలల తిండికే సరిపోతుంది. మిగతా నెలలకి మైదానం నుంచి వచ్చే బియ్యం కొనుక్కుంటారు. కొండ ప్రాంతపు మునిసిపాలిటీ గురించి రాసేటప్పుడు జనాభా, విస్తీర్ణం, పంటలు, పదవులు వరసగా పేర్చుకుంటూ పోతే ఊరు అర్థం కాదు. ఈ మడులని నిలిపే రాతి గోడ కూలినప్పుడు దాన్ని ఎవరు కడతారు, ఏ పద్దు నుంచి కడతారు అన్న ఒక్క ప్రశ్న పట్టుకుంటే నేల, బతుకుతెరువు, పాలన మూడూ ఒక్కచోటికి వస్తాయి. బనావేని ఈ దారిలోనే చూద్దాం.

నేల, నీరు

లుజోన్ ద్వీపం ఉత్తర భాగంలో కార్డిలెరా కొండల మధ్య ఇఫుగావ్ రాష్ట్రం ఉంది. పాత మౌంటెన్ ప్రావిన్స్‌ని 1966లో విడగొట్టినప్పుడు ఏర్పడింది. రాజధాని లగావే. మనీలా నుంచి బనావేకి రోడ్డు మీద దాదాపు 350 కిలోమీటర్లు, రాత్రి బస్సులో తొమ్మిది పది గంటలు. విస్తీర్ణం 190 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 18 బరంగాయ్‌లు. ఫిలిప్పీన్స్‌లో గ్రామీణ మునిసిపాలిటీ అంటే పరిమాణంలో మన మండలం లాంటిది, బరంగాయ్ మన గ్రామ పంచాయతీ లాంటిది. అయితే మన మండల పరిషత్తు కన్నా ఈ మునిసిపాలిటీ చేతిలో అధికారం చాలా ఎక్కువ. ఆరోగ్యం, వ్యవసాయ విస్తరణ, సంక్షేమం, పన్నులు, కట్టడాల అనుమతులు అన్నీ దానివే.

మడులు ఎక్కువగా 1,500 మీటర్ల ఎత్తుకి అటూ ఇటూ ఉన్నాయి. పడమట హుంగ్‌డువాన్, తూర్పున మయోయావ్, దక్షిణాన హింగ్యోన్ మునిసిపాలిటీలు. ఉత్తరాన పోలిస్ కనుమ దాటితే బొంతోక్ దారి. తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా, ఒక్కోసారి డిసెంబరు దాకా సాగుతుంది. ఇక్కడి నీళ్ళు ఇబులావ్, అలిమిట్ నదుల గుండా మాగాట్ నదిలో కలుస్తాయి. దిగువన 1982లో పూర్తయిన మాగాట్ ఆనకట్ట ఉంది. 360 మెగావాట్ల విద్యుత్తు, కగయాన్ లోయలో దాదాపు 85 వేల హెక్టార్ల సాగు దాని మీద ఆధారపడి ఉన్నాయి. పైకొండల్లో అడవి, మడులు నీటిని పట్టి నెమ్మదిగా వదలడం వల్ల దిగువకి కలిగే లాభం చిన్నది కాదు. కానీ నీరు, గనుల వంటి జాతీయ సంపద మీద వచ్చే ఆదాయంలో స్థానిక ప్రభుత్వాలకి చట్టం ఇచ్చే 40 శాతం వాటా, ఆ సంపద ఏ సరిహద్దులో ఉందో ఆ ప్రభుత్వాలకే వెళ్తుంది. ఎగువన నీళ్ళు పట్టే ఊరికి అందులో చోటు లేదు.

కొండ పైనుంచి కిందికి క్రమం ఇలా ఉంటుంది: శిఖరాన ఊరుమ్మడి అడవి, దాని కింద కుటుంబాల సొంత చెట్ల తోపు, ఆ కింద మడులు, మడుల మధ్య ఇళ్ళు, అడుగున ఏరు. ఈ తోపుని మూయోంగ్ అంటారు. వంటచెరకు, ఇంటి కలప, చెక్కడపు పనికి కొయ్య అన్నీ అక్కడివే. దాని ముఖ్యమైన పని మాత్రం నీటి ఊటలు ఎండకుండా చూడటం. మూయోంగ్ నరికేసిన కుటుంబం తన మడితో పాటు కింద ఉన్న పదిమంది మడుల నీటికీ ఎసరు పెట్టినట్టే. అందుకే సంప్రదాయం దీన్ని సొంత ఆస్తిగా ఒప్పుకుంటూనే చుట్టూ కట్టుబాట్లు పెట్టింది. పర్యావరణ శాఖ కూడా కలప నరకడానికి మూయోంగ్ పేరుతోనే ప్రత్యేక అనుమతి ఇస్తుంది. జాతీయ చట్టం స్థానిక ఏర్పాటుని ఉన్నదున్నట్టు ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది.

గోడ ఎలా నిలుస్తుంది, ఎందుకు కూలుతుంది

బనావే, దానిలోని బతాద్ గ్రామం వైపు గోడలు ఎక్కువగా రాతివి. పక్క మునిసిపాలిటీ కియాంగన్ వైపు మట్టి గట్లు ఎక్కువ. రాతి గోడలో సిమెంటు ఉండదు, సున్నం ఉండదు. పెద్ద రాళ్ళు అడుగున, పొడవు వైపు కొండలోకి దూరేలా పెడతారు. పైకి వచ్చేకొద్దీ గోడ కొండ వైపు కొంచెం వాలుతుంది. రాళ్ళ వెనక చిన్న రాళ్ళు, గులక. దాని వెనక దట్టించిన మట్టి. దాని మీద నీరు ఇంకని జిగురుమట్టి పొర. అన్నిటికన్నా పైన తరాల తరబడి దమ్ము చేసిన నల్లటి బురద మన్ను. పై మడిలో నిండిన నీరు గట్టు మీద వదిలిన తూము గుండా కింది మడిలోకి దిగుతుంది. గోడలోకి చేరిన కాస్త నీరు రాళ్ళ సందుల్లోంచి బయటికి పోతుంది. ఆ ఊట ఆగకుండా పోతున్నంత కాలం గోడకి ప్రమాదం లేదు.

కూలడానికి మూల కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. మడి ఎండిపోవడం. ఏడాది పొడవునా నీళ్ళు నిలిచిన మడిలో మట్టి పొర పగలదు. ఎండితే బీటలు పడతాయి. పెద్ద వానపాములు నీటి మడిలో బతకలేవు. ఆరిన మడిలోనూ గట్లలోనూ చేరి బొరియలు చేస్తాయి. మొదటి పెద్ద వానకి నీరు తూము దాకా పోకుండా బీటల్లోంచి, బొరియల్లోంచి గోడ వెనక్కి దిగుతుంది. గోడ ముందు ఉబ్బుతుంది, తర్వాత రాళ్ళు జారతాయి. ఒక గోడ రాళ్ళన్నీ కింది మడిలో పడితే ఆ బరువుకి దాని గోడా పోతుంది. ఒక్కోసారి నాలుగైదు మెట్లు వరసగా దిగిపోతాయి.

మడి ఎండడానికి కారణాలు వేరువేరు. ఎల్‌నినో ఏడాదిలో నీరే రాదు. పై కాలువకి గండి పడితే బాగుచేసే మనుషులు ఉండరు. 1980లలో తిండికోసం దేశంలోకి తెచ్చిన బంగారు నత్త లేత నారుని కొరికేస్తుంది కాబట్టి దాన్ని అణచడానికి కొందరు మడి నీళ్ళు తీసేస్తారు. రెండో పంట వేయాలనుకునేవాళ్ళూ మధ్యలో ఆరబెడతారు. నత్త సమస్యకి నీళ్ళు తీయడం కన్నా నారు కాస్త ముదిరాక నాటడం, నాట్లకి ముందు, ఆ తర్వాత కొన్నాళ్ళు నీటిని పలచగా ఉంచి చేత్తో ఏరడం, తూముల దగ్గర జల్లెడ పెట్టడం మేలు. పని ఎక్కువే, కానీ గోడ దక్కుతుంది.

కూలిన గోడని తిరిగి కట్టే క్రమం తెలిసిన పనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మొదట పై కాలువ నీరు మళ్ళించి, కూలిన మడిని, దాని పై మడిని మాత్రమే ఆరబెట్టాలి. వరస మొత్తం ఆరబెట్టడం తప్పు. శిథిలంలోంచి బురద మన్ను విడిగా, జిగురుమట్టి విడిగా, రాళ్ళు సైజుల వారీగా విడిగా తీసి పెట్టుకోవాలి. కంగారులో అన్నీ కలిపి వెనక పోసేస్తే పై పొరకి మన్ను మిగలదు. అలాంటి మడిలో నాలుగైదేళ్ళు పంట సరిగా రాదు. పునాది గట్టినేల తగిలేదాకా తవ్వాలి. ఒక వరస రాళ్ళు పేర్చాక దాని వెనక గులక నింపి దట్టించి, అప్పుడే రెండో వరస ఎత్తాలి. గోడ అంతా ఎత్తి తర్వాత వెనక మట్టి పోస్తే దట్టింపు కుదరదు. జిగురుమట్టిని కాళ్ళతో తొక్కి పొర చేయాలి. నీరు ఒక్కరోజులో నింపకూడదు. కొన్ని రోజుల పాటు మెల్లగా పెంచుతూ గోడ ఎక్కడ చెమరుస్తోందో చూడాలి.

ఎంత పనో లెక్కేద్దాం. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, సగటున 60 సెంటీమీటర్ల మందం గల గోడ అంటే 18 ఘనపు మీటర్లు. సందులతో కలిపి ఘనపు మీటరుకి 1.6 టన్నులు వేసుకుంటే దాదాపు 29 టన్నుల రాయి. రాళ్ళు లోయలోకి దొర్లిపోయి ఉంటే మళ్ళీ పైకి మోయాలి. బండి పోదు. గట్టు మీద మనిషి నడిచే వెడల్పే ఉంటుంది. మోతకి 40 కిలోల చొప్పున ఏడు వందల పైచిలుకు మోతలు. రాయి పేర్చడం, మట్టి దట్టించడం ఈ లెక్కలో లేవు.

ఇక్కడే సిమెంటు ఆశ పుడుతుంది. ముఖం మీద సిమెంటు పూసిన గోడ మొదటి ఏడు చక్కగా కనిపిస్తుంది. రాళ్ళ సందులు మూసుకుపోవడంతో ఊట బయటికి రాదు, వెనక నీటి ఒత్తిడి పెరుగుతుంది. ఆ గోడ రాయి రాయిగా జారదు, పలకగా విరిగి పడుతుంది. ఎక్కడైనా సిమెంటు తప్పదనుకుంటే గోడ అడుగు నుంచి వరసలుగా నీటి గొట్టాలు వదలాలి, వెనక గులక పొర తప్పనిసరి. పనుల అంచనాల్లో తరచూ ఎగిరిపోయేది ఆ గులక పొరే.

ఎవరి పంట, ఎంత రాబడి

సంప్రదాయ వరిని తినావోన్ అంటారు. ఏడాదికి ఒక్క పంట. ఏడాది చివర్లో నారు పోసి, జనవరి నుంచి మార్చి లోపు నాట్లు వేసి, జూన్, జూలైల్లో, ఎత్తైన చోట్ల ఆగస్టులో కోస్తారు. పొడుగు మీసాల వెన్నులు. గింజ సులువుగా రాలదు కాబట్టి చిన్న కత్తితో వెన్ను వెన్నునే కోసి కట్టలు కడతారు. ఆ కట్టలు ఇంటి కింద ఆరి, పై అంతస్తులోని గాదెకి చేరతాయి. నాలుగు కొయ్య స్తంభాల మీద నిలిచిన ఇఫుగావ్ ఇంట్లో ప్రతి స్తంభం పైభాగాన గుండ్రటి చెక్క బిళ్ళ ఒకటి ఉంటుంది. పేరు హలిపాన్. స్తంభం పట్టుకుని ఎక్కిన ఎలుక దాని అడుగు దాకా వచ్చి ఆగిపోతుంది, అంచు దాటి పైకి పోలేదు. రేకుల ఇళ్ళు, సిమెంటు స్తంభాలు వచ్చాక ఆ బిళ్ళ పోయింది. ఎలుకల నష్టం గురించి రాసే నివేదికల్లో ఈ సంగతి కూడా రావాలి.

లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి 1960లలో వచ్చిన ఐఆర్ 8 మన గోదావరి జిల్లాల రైతులకి తెలిసిన పేరే. అదే దేశంలో ఈ కొండల మీద ఆ పొట్టి రకాలు అంతగా పనికిరాలేదు. చలి, నీటి మడుగు, ఎరువులు మోసుకెళ్ళే ఖర్చు అడ్డొచ్చాయి. ఆ సంస్థా, వ్యవసాయ శాఖా 2014 నుంచి దేశీ రకాల మీద ఒక పథకం నడిపాయి. ఇంబూకన్, మినాంగన్, ఒమినియో వంటి రకాలకి నగరాల్లోనూ విదేశాల్లోనూ మంచి ధర పలుకుతుంది. చిక్కంతా సరుకు దగ్గరే. కొనేవాడికి ఒకే రకం, ఒకే రంగు, 14 శాతం తేమ, రాయి లేని బియ్యం కావాలి. రైతు దగ్గర ఇంటికో రకం. మొదటి అవసరం తిండి, రెండోది చుట్టాలకి, కర్మకాండలకి ఇవ్వాల్సింది. మిగిలితేనే అమ్మకం. ధర పెరిగిందని మడి విస్తీర్ణం పెరగదు. కాబట్టి ఈ దారి కొన్ని కుటుంబాలకి ఆదరువే తప్ప ఊరంతటికీ మందు కాదు.

చెక్కడం పని, నేత, విదేశాల నుంచీ బాగియో వంటి పట్టణాల నుంచీ పిల్లలు పంపే డబ్బు, పర్యాటకం మిగతా ఆధారాలు. పర్యాటకం గురించి ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. 1995లో యునెస్కో జాబితాకెక్కినవి అయిదు సముదాయాలు: కియాంగన్‌లో నగకడన్, హుంగ్‌డువాన్, మయోయావ్ నడిబొడ్డు, బనావేలో బతాద్, బంగాన్. పొబ్లాసియోన్, అంటే ఊరి నడిబొడ్డు, పైనున్న వ్యూపాయింట్ నుంచి కనిపించే ప్రసిద్ధ మెట్లు ఈ జాబితాలో లేవు. కొత్త కట్టడాలు చొరబడటమే దానికి కారణం. అందరూ ఫొటో తీసుకునేది ఒకటి, అంతర్జాతీయ రక్షణ ఉన్నది మరొకటి. బతాద్ కోసం వచ్చేవాళ్ళ డబ్బులో ఎక్కువ భాగం బస్సుకి, జీపుకి, గదికి, గైడుకి పోతుంది. మడి గలవాడికి నేరుగా వచ్చేది అతనికి గదులు ఉంటేనే. గోడ కట్టే మేస్త్రీకి ఏమీ రాదు. పైగా గైడుగా వెళ్తే గోడ పనికన్నా ఎక్కువ కూలి వస్తుంది కాబట్టి, ఇవాళ మీ మడిలో మేము, రేపు మా మడిలో మీరు అని నడిచిన ఉబ్బు పద్ధతికి మనుషులు దొరకడం తగ్గింది.

వారసత్వం కూడా దీనికి తోడయింది. పెద్ద బిడ్డకి మంచి మడులు, తర్వాతివాళ్ళకి మిగిలినవి, చివరివాళ్ళకి చాలాసార్లు ఏమీ ఉండదు. మడి ముక్కలు కాకుండా కాపాడిన ఈ పద్ధతి వల్లే మిగతా పిల్లలు బయటికి వెళ్ళారు. ఇప్పుడు పెద్ద బిడ్డ కూడా చదువుకుని వెళ్ళిపోతున్నాడు. మడి పాలికి పోతుంది. పాలికాపు కలుపు తీస్తాడు, చిన్న గండి పూడుస్తాడు. పెద్ద గోడ కూలితే ఆ భారం యజమానిది. యజమాని ఊళ్ళో ఉండడు.

మునిసిపాలిటీ డబ్బు

1991 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం, అంటే రిపబ్లిక్ యాక్ట్ 7160, మన 73వ సవరణకి ఇంచుమించు సమకాలికం. మేయరు, వైస్ మేయరు, ఎన్నికైన ఎనిమిదిమంది సభ్యులతో సంగ్గునియాంగ్ బయాన్ అనే మునిసిపల్ మండలి. పదవీకాలం మూడేళ్ళు, వరసగా మూడుసార్లకి మించి వీల్లేదు. బరంగాయ్ అధ్యక్షుల సమాఖ్య నుంచి ఒకరు, యువజన మండళ్ళ నుంచి ఒకరు పదవిరీత్యా వస్తారు. 1997 నాటి ఆదివాసీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీ ప్రతినిధికీ తప్పనిసరి స్థానం ఉంది. బరంగాయ్‌లో పునోంగ్ బరంగాయ్ అనే అధ్యక్షుడు, కగవాద్‌లు అనే ఏడుగురు సభ్యులు, తగాదాలు తీర్చే లుపోన్ అనే పెద్దల మండలి.

ఆదాయంలో సింహభాగం జాతీయ పన్నుల వాటా. జాతీయ పన్నుల్లో 40 శాతం స్థానిక ప్రభుత్వాలకి, అందులో 34 శాతం మునిసిపాలిటీలకి. ఆ మొత్తాన్ని వాటి మధ్య సగం జనాభాని బట్టి, పాతిక శాతం విస్తీర్ణాన్ని బట్టి, పాతిక శాతం సమానంగా పంచుతారు. లెక్క మూడేళ్ళ కిందటి వసూళ్ళ మీద వేస్తారు. అందుకే కరోనా దెబ్బ తగిలింది 2020లోనైతే, స్థానిక ప్రభుత్వాల వాటా 2022లో దాదాపు 95,900 కోట్ల పెసోల నుంచి 2023లో 82,000 కోట్లకి పడిపోయింది. తుపాను ఏడాదీ, డబ్బు తగ్గిన ఏడాదీ కలిసొస్తే చిన్న మునిసిపాలిటీకి ఊపిరాడదు.

2024 వాటా దాదాపు 87,100 కోట్ల పెసోలు. సూత్రం ప్రకారం లెక్క వేస్తే ఒక్కో మునిసిపాలిటీకి సమాన భాగం కింద 5 కోట్ల దాకా వస్తుంది, జనాభా భాగం మనిషికి రెండు వేల పైచిలుకు పెసోలు తేలుతుంది. బనావే లాంటి ఊరికి మూడు భాగాలూ కలిపి సుమారు 15 కోట్లు. ఇది మా అంచనా, ఆడిట్ అంకె కాదు. ఇక్కడ చూడాల్సింది జనాభా భాగం. బనావే జనాభా 2010లో 22 వేల పైన ఉండేది, 2020కి 20,600 పైచిలుకుకి దిగింది. తగ్గిన పదిహేడు వందల మందిని మనిషికి 2,300 చొప్పున గుణిస్తే ఏటా దాదాపు 40 లక్షల పెసోలు. గోడలు మాత్రం ఒక్క మీటరు కూడా తగ్గలేదు. వాటిని చూసే చేతులు తగ్గాయి, అదే కారణంతో నిధీ తగ్గింది. గోడల పొడవు, కాలువల పొడవు, వాలు, ఏవీ ఈ సూత్రంలో లేవు.

ఆ 15 కోట్లలో 20 శాతం, అంటే 3 కోట్లు, అభివృద్ధి పనులకి విడిగా పెట్టాలి. 2010 నాటి విపత్తు చట్టం ప్రకారం మామూలు ఆదాయంలో 5 శాతానికి తక్కువ కాకుండా విపత్తు నిధి. అందులో 30 శాతం అత్యవసర సాయానికి పక్కన ఉంచాలి. ఆదాయాన్ని బట్టి చేసిన తరగతుల్లో నాలుగోది, ఆ కిందివి అయిన మునిసిపాలిటీల్లో జీతాలకి 55 శాతం దాకా పరిమితి. ఆరోగ్య కేంద్రం మందులు, రోడ్ల మీద పడ్డ కొండచరియలు, కార్యాలయ ఖర్చులు పోగా 18 బరంగాయ్‌ల మధ్య పంచితే అభివృద్ధి నిధి ఒక్కోచోట ఒక చిన్న కాలిబాటకి సరిపోయేంత.

సొంత పన్ను ఎందుకు రాదు? దీనికి సమాధానం నేల చట్టంలో ఉంది. 1975 నాటి అటవీ ఉత్తర్వు, ప్రెసిడెన్షియల్ డిక్రీ 705, 18 శాతానికి మించిన వాలున్న నేలని అటవీ భూమిగా చూస్తుంది. ఇఫుగావ్‌లో అంతకన్నా తక్కువ వాలున్న చోటు వెతుక్కోవాలి. తరాలుగా దున్నుతున్న మడికి పట్టా లేదు, పన్ను చీటీ మాత్రమే ఉంటుంది. పట్టా లేనిదే బ్యాంకు అప్పు కష్టం. 1997 చట్టం ఒక తలుపు తెరిచింది: సొంతంగా సాగుచేసుకుంటున్న పూర్వీకుల నేలకి, వాలు 18 శాతం దాటినా సరే, పట్టా అడగొచ్చు. గడువు 20 ఏళ్ళు. అది 2017లో ముగిసింది. అదే చట్టం ధ్రువీకరించిన పూర్వీకుల పరిధిని, ఇళ్ళ స్థలాలు, పెద్ద వాణిజ్య సాగు వంటివి మినహా, ఆస్తి పన్ను నుంచి తప్పించింది. అది న్యాయమే. అయితే అది తీసేసిన ఆదాయాన్ని పూడ్చే ఏర్పాటు చట్టంలో లేదు. ఉన్న ఆస్తి పన్నులో కూడా రాష్ట్రానికి 35, మునిసిపాలిటీకి 40, బరంగాయ్‌కి 25 శాతం చొప్పున పంపకం.

ప్రభుత్వ డబ్బుతో గోడ కట్టడంలో చిక్కులు

మొదటి చిక్కు ఆడిట్. ప్రభుత్వ డబ్బు ప్రజా ప్రయోజనానికే ఖర్చవ్వాలి. గోడ ఒక కుటుంబానిది. ఆడిటరు అభ్యంతరం పెడితే సంతకం చేసిన అధికారి జేబులోంచి కట్టాలి. కాబట్టి ఇంజనీరు గోడ జోలికి పోకుండా కాలువ, కాలిబాట, వేచి ఉండే షెడ్డు రాస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. రెండో చిక్కు టెండరు. బహిరంగ వేలంలో గెలిచే గుత్తేదారు దగ్గర మిక్సరు ఉంటుంది, రాయి పేర్చే పెద్దమనిషి ఉండడు. దరపట్టికలో సిమెంటు గోడకి రేటు ఉంటుంది, పొడి రాతి గోడకి పని గంటల లెక్క ఉండదు.

మూడోది క్యాలెండరు. బడ్జెట్ సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు. మేయరు అక్టోబరు 16 లోపు బడ్జెట్ సమర్పించాలి, తర్వాత రాష్ట్ర మండలి సమీక్ష. డబ్బు చేతికొచ్చి వేలం ముగిసేసరికి నాట్లయిపోతాయి. మడిలో పైరుండగా గోడ పని చేయలేం. కోత అయ్యాక ఆగస్టు నుంచి నవంబరు దాకా పని చేయొచ్చు, కానీ అదే తుపానుల కాలం. అంటే ఒక్క వాన తెరపిలో పని పూర్తి చేసేలా రాయి ముందే పోగై, కూలి డబ్బు ముందే సిద్ధంగా ఉండాలి. 2022 జూలై 7న కుండపోత వానకి బురద వరద పొబ్లాసియోన్ వీధుల్లోంచి పారింది. అలాంటి రోజు తర్వాత మునిసిపాలిటీ యంత్రాలు, విపత్తు నిధి అంతా రోడ్లకి, ఇళ్ళకి పోతాయి. పోవాలి కూడా. మడుల వంతు వచ్చేసరికి ఏడాది ముగుస్తుంది.

నాలుగోది, ఒకే నేల మీద చాలామంది పెత్తనం. ఆదివాసీ జాతీయ సంఘం, పర్యావరణ శాఖ, సాంస్కృతిక సంస్థలు, రాష్ట్రం, మునిసిపాలిటీ. మెట్ల కోసమే 1994లో ఒక కమిషన్ పెట్టారు, 1999లో దాని బదులు ఒక టాస్క్ ఫోర్స్, 2002లో అదీ పోయి బాధ్యత రాష్ట్రానికి చేరింది. ఈ మెట్లని 2001లో యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టింది, 2012లో తీసింది. సంస్థ మారినప్పుడల్లా సర్వే మళ్ళీ మొదలవుతుంది. గోడల పాత పటాలు ఎవరో ఒకరి బీరువాలో ఉండిపోతాయి.

పనికొచ్చిన దారులు

పక్కన కియాంగన్‌లో అంబంగల్ ఏటి మీద 200 కిలోవాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం 2010లో మొదలైంది. విదేశీ విద్యుత్ సంస్థల కూటమి కట్టి రాష్ట్రానికి అప్పగించింది, లాభం మెట్ల సంరక్షణ నిధికి పోతుంది. తర్వాత అసిపులోలో లికుడ్ దగ్గర 820 కిలోవాట్ల కేంద్రం వచ్చింది. 200 కిలోవాట్లు ఏడాదిలో సగం సామర్థ్యంతో నడిచి, యూనిట్‌కి 5 పెసోలు వచ్చాయనుకుంటే మొత్తం రాబడి దాదాపు 44 లక్షలు, నిర్వహణ ఖర్చులు తీయకముందు. బనావే జనం తగ్గి పోగొట్టుకున్న దానికి ఇంచుమించు సమానం. ఈ పద్ధతిలోని బలం మొత్తంలో లేదు, నిధి ప్రభుత్వ వార్షిక క్యాలెండరుకి కట్టుబడకపోవడంలో ఉంది. కోత అయిన వారం డబ్బు ఇవ్వొచ్చు. జాగ్రత్త ఒకటి: కేంద్రానికి మళ్ళించే నీరు ఏ మడి కాలువకీ తక్కువ పడకూడదు. ఎండాకాలపు కనీస ప్రవాహం కొలవకుండా యంత్రం సైజు నిర్ణయిస్తే తగాదాతో పాటు నష్టమూ వస్తుంది.

రెండో దారి మనుషులది. 2014లో కనజావా విశ్వవిద్యాలయం, ఇఫుగావ్ స్టేట్ యూనివర్సిటీ కలిసి యువకులకి మెట్ల నిర్వహణలో శిక్షణ మొదలుపెట్టాయి. ఇలాంటి కార్యక్రమాల విలువ తేలిక మాటల్లో కొట్టేయకూడదు. ఈ మెట్లు రెండు వేల ఏళ్ళవని పర్యాటక పత్రాలు రాస్తాయి. పాత కియ్యాంగన్ ఊరి తవ్వకాలు చేసిన పురావస్తు శాస్త్రజ్ఞులు మాత్రం విస్తృతమైన నీటి వరి సాగు సుమారు 1650 తర్వాతే అంటున్నారు. మైదానంలోకి స్పానిష్ వాళ్ళు వచ్చాక జనం కొండలకి చేరి, చామ మడులని వరి మడులుగా పెంచారని వాళ్ళ వాదన. అది నిజమైతే ఈ నిర్మాణం కొద్ది తరాల్లో, గట్టిగా కలిసి పనిచేసిన సమాజం చేసిన పని. నైపుణ్యం తిరిగి నేర్పవచ్చన్న ఆశకి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

మునిసిపాలిటీ స్థాయిలో చేయగలిగింది ఇదీ. పనుల జాబితా బరంగాయ్ వారీగా కాకుండా కాలువ వారీగా తయారుచేయాలి, ఎందుకంటే ఒక కాలువ రెండు మూడు బరంగాయ్‌ల గుండా పోతుంది. ప్రతి కాలువకీ ఊట దగ్గర, మధ్యలో, చివర నీటి ప్రవాహం ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, కొలవాలి. చిన్న ప్రవాహానికి బకెట్టు, గడియారం చాలు. చివర అందే నీరు మొదట్లో సగం కన్నా తక్కువైతే గోడల కన్నా ముందు కాలువ బాగుచేయాలి. ప్రభుత్వ డబ్బు ఊరుమ్మడి ఆస్తికి పెట్టాలి: తలకాలువ, మళ్ళింపు, ప్రధాన తూములు, రాళ్ళు మోసే బాటలు. కాలువ పొడవునా సిమెంటు పూత వద్దు. ఊట చెమ్మతో బతికే పక్క మడులు దానివల్ల ఎండిపోతాయి. తెగే చోట్లలో మాత్రం పూయాలి. గోడల కోసం నీటి వాడకందారుల సంఘంతో ఒప్పందం రాసుకుని, సంఘం కూలి పెడితే మునిసిపాలిటీ రాయి, పనిముట్లు, తిండి ఇవ్వాలి. ప్రభుత్వ కొనుగోళ్ళ నిబంధనల్లో సమాజ భాగస్వామ్యపు పద్ధతికి చోటు ఉంది, వాడుకునేవాళ్ళే తక్కువ. ఊళ్ళో లేని యజమాని నుంచి ముందే రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. గోడ కట్టిన తర్వాత కనీసం కొన్ని పంటల కాలం మడిని ఎండనివ్వనని అందులో రాయించాలి. ఆ ఒక్క వాక్యం లేక, బాగుచేసిన గోడ మళ్ళీ కూలిన చోట్లున్నాయి.

దరపట్టికలో పొడి రాతి గోడకి రేటు చేర్చడం అన్నిటికన్నా చవకైన పని. దానికి ఒక సీజనులో పది గోడల దగ్గర పొడవు, ఎత్తు, మోత దూరం, మేస్త్రీ గంటలు, కూలీ గంటలు రాసుకుంటే చాలు. రాష్ట్ర ఇంజనీరు ఆ రేటుని ఒప్పుకున్న రోజు నుంచి అంచనాల్లో సిమెంటే ఎందుకు రాస్తున్నారన్న ప్రశ్నకి ఇంజనీరు సమాధానం చెప్పాల్సి వస్తుంది. ఈ కొలతల పని ఆగస్టు మొదటి వారంలో, కోత ముగిసిన మడుల దగ్గర మొదలుపెట్టాలి.